రెక్క ఎముక మీద చేయి

జూన్ 3

ఒరేయ్ బొంగరం,

ఈ రోజుల్లో అక్క దగ్గర్నించి ఉత్తరమేమిటని కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు, నా భుజానికి తప్ప.

వాలీబాల్ శిబిరంలో అడుగు పెట్టగానే కోచ్ మేడం అందరి ఫోన్లూ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఈలతో పాటు ఆవిడ మెళ్ళోనే వేలాడుతుంది. ఫోన్లుంటే ఆట మీద ధ్యాస ఉండదట. ఇప్పుడు అందరం ఆట మానేసి ఆవిడ మెడ వంకే చూస్తున్నాం. ఇంటికి ఏమైనా చెప్పుకోవాలంటే ఉత్తరాలే గతి. చివరిసారి నేను ఉత్తరం రాసింది స్కూల్లో, లేని జ్వరానికి సెలవు కోసం. ఈసారి జబ్బు నిజంగానే ఉంది.

మొదటిరోజే డాక్టరుగారు అందర్నీ వరసగా బల్ల మీద పడుకోబెట్టి కీళ్ళు చూశారు. చేయి పక్కకి చాపించి, మోచేయి మడిచి, వేళ్ళు పైకప్పు వైపు పెట్టించి, మణికట్టు పట్టుకుని పాదాల వైపు మెల్లగా వంచారు. ఎడమ చేయి బుద్ధిగా వంగి బల్లకి బెత్తెడు ఎత్తులో ఆగింది. కుడి చేయి జానెడు ఎత్తులోనే మొరాయించింది. ఆయన ఇటు చూసి, అటు చూసి, "ఈ రెండు చేతులూ ఒక్క మనిషివేనా అమ్మా?" అన్నారు. నిచ్చెన పకపకా నవ్వింది.

నిచ్చెన అంటే నా గదిలో పిల్ల. ఇరవై ఏళ్ళుంటాయి. పడుకుంటే కాళ్ళు మంచం దాటి వచ్చి దారిన పోయేవాళ్ళకి తగుల్తాయి. ఎగిరిందంటే నెట్ పైన మోచేతులు కనిపిస్తాయి. దాన్ని చూస్తే ముచ్చటేస్తుంది, కడుపు మండుతుంది కూడా.

చేయి కొట్టడానికే కాదట, కొట్టాక ఆగడానికి కూడా లోపలికి తిరగాలట. తిరగని భుజంతో స్మాష్ మీద స్మాష్ కొడితే ఏదో ఒకరోజు లోపల ఏదో ఒకటి తెగుతుందట. ఆగస్టు అయిదున జాతీయ జట్టుకి ట్రయల్స్. దానికి ముందు డాక్టరు మళ్ళీ చూస్తారు. కుడి చేయి ఎడమతో సమానంగా తిరిగితేనే ట్రయల్స్‌కి నా పేరు రాస్తారు.

ఇదివరకు రెండుసార్లు జాతీయ జట్టుతో వెళ్ళాను, నీకు తెలుసుగా, రిజర్వులో. అంటే నీళ్ళ సీసాలు అందించడానికి. ఒక్కసారైనా గీత లోపల నిలబడి ఆడాలి. ముప్ఫై మూడేళ్ళొచ్చాయి. ఈసారి కాకపోతే ఇక లేదు. ఏడుస్తూ రాయట్లేదు, ఉన్నమాట చెప్తున్నాను.

శిబిరానికి ఫిజియో రావాల్సి ఉందన్నారు. రావాల్సి ఉంది అంటే రాడని అర్థం. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. ఏం చేస్తాం, దగ్గర్లో ఇంకో చెట్టు లేదు. నువ్వూ ఫిజియోవే కదా, ఏం చేయాలో రాయి. వీపు మధ్యలో దురదేస్తే చేయి అందక, గేదెలా గోడకి రుద్దుకుంటున్నాను.

ఇట్లు,
తుప్పు పట్టిన ఫిరంగి

జూన్ 8

మహారాజశ్రీ ఫిరంగిగారి దివ్య సముఖమునకు,

చదువుకున్న ఇన్నేళ్ళకి మా అక్క నన్ను సలహా అడిగింది. ఈ ఉత్తరాన్ని ఫ్రేము కట్టిద్దామనుకున్నాను. కానీ అందులో నన్ను పెరటి చెట్టు అన్నావు కాబట్టి మానుకున్నాను.

క్లినిక్ దివ్యంగా నడుస్తోంది. రెండు మంచాలు, ఒక పరదా, తిరిగేటప్పుడు కంటే ఆగేటప్పుడు ఎక్కువ చప్పుడు చేసే ఫ్యాను. పొద్దున్నే అమ్మని తీసుకొచ్చి కిటికీ పక్క మంచం మీద పడుకోబెడుతున్నాను. మోకాళ్ళకి వైద్యం అని ఆవిడతో చెప్పాను. దారిన పోయేవాళ్ళకి ఒక పేషెంటైనా కనపడాలన్నది అసలు సంగతి. అమ్మకి ఇది మొదటిరోజే అర్థమైంది. ఎవరైనా తొంగిచూస్తే "అబ్బ, ఎంత హాయిగా ఉందో" అని గట్టిగా అంటోంది.

సరే, నీ భుజం. భుజం వెనక భాగం బిగుసుకుపోయింది. ఏళ్ళ తరబడి కొట్టి కొట్టి, ప్రతి దెబ్బనీ ఆపి ఆపి, అక్కడి కండా దాని కింది పొరా గట్టిపడ్డాయి. నువ్వు చేయాల్సింది ఇది. కుడి భుజం కిందికి వచ్చేలా పక్కకి తిరిగి పడుకో. కుడి చేయి ముందుకి చాపి మోచేయి మడువు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని మంచం వైపు మెల్లగా నొక్కు. లాగినట్టుండాలి, నొప్పి ఉండకూడదు. పొద్దునా సాయంత్రం చెయ్యి.

డాక్టరు చూసినట్టే వెల్లకిలా పడుకుని ఆ నిచ్చెన చేత మణికట్టు వంచించుకుని, మంచానికి ఎంత ఎత్తులో ఆగిందో వారం వారం కొలిచి రాయి. జానెడు బెత్తెడైతే మనం గెలిచినట్టే. నెలలో తిరక్కపోతే నా పేరు మార్చుకుంటా. ఎలాగూ ఆ పేరు పెట్టుకుని పెద్దగా సాధించిందేమీ లేదు.

నీ పెరటి చెట్టు

జూన్ 22

వైద్య శిఖామణీ,

నీ వ్యాయామం మొదటిరోజు చేస్తూ చేస్తూ నిద్రపోయాను. లేచేసరికి చేయి మొద్దుబారి, అది ఎవరిదో తెలీక నిచ్చెనదనుకుని పక్కకి తోశాను. రెండోరోజు నొక్కిన ఊపుకి మంచం మీంచి కింద పడ్డాను. జాతీయ జట్టులోకి వెళ్ళాల్సిన మనిషి మంచం మీద సరిగ్గా ఉండలేకపోయిందని శిబిరమంతా చెప్పుకున్నారు. ఇప్పుడు గోడకి ఆనుకుని చేస్తున్నాను.

అయితేనేం, పని చేస్తోందిరా! నిచ్చెన కొలిచింది. మొదటివారం జానెడు కంటే రెండు వేళ్ళు తగ్గింది. ఈ వారం ఇంకో రెండు వేళ్ళు. నిచ్చెనకి పట్టుదల ఎక్కువ. "అక్కా, ఇంకొంచెం వస్తుంది, ఇంకొంచెం వస్తుంది" అంటూ మణికట్టు మీద వాలిపోతోంది. నాకైతే నమ్మకం రావట్లేదు, నీ వల్ల నాకు ఏదైనా బాగవడం ఇదే మొదటిసారి కదా.

ఒక్క మాట. స్మాష్ కొట్టినప్పుడు భుజం వెనక చిన్న పోటు మాత్రం వస్తోంది. వదులవుతున్నప్పుడు అలాగే ఉంటుంది కాబోలు. సాయంత్రాలు నిచ్చెనకి స్మాష్‌కి ముందు వేసే పరుగు నేర్పుతున్నాను. దానికి ఎత్తు ఉంది, ఎగురు ఉంది, ఎప్పుడు ఎగరాలో తెలీదు. చివరి అడుగు పొడుగ్గా వెయ్యవే అంటే మూడు అడుగులూ పొడుగ్గా వేసి నెట్‌లో చిక్కుకుంటుంది. నా వయసొచ్చేసరికి నేర్చుకుంటుందిలే.

సగం తుప్పు వదిలిన ఫిరంగి

జూన్ 28

అక్కయ్యా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. ఎదురింటావిడకీ వినిపించాను. నడుము నొప్పితో వచ్చిన ఒకాయనకి ఆయన అడక్కుండానే వినిపించాను. ఆయన బోర్లా పడుకుని ఉన్నాడు, పారిపోలేడు. ఉత్తరం ద్వారా భుజం తిప్పిన మనిషి ప్రపంచంలో ఇంకొకడు ఉంటే నాకు చూపించు.

పోటు గురించి రాశావు. అలవాటు లేని కదలిక వచ్చినప్పుడు కొంచెం ఉంటుంది, పోతుంది. కంగారు పడకు. ఆపకుండా చెయ్యి.

నాకు ఈమధ్య నడక మారిందని అమ్మ అంటోంది. ఛాతీ ముందుకొచ్చిందట. నాకేం తేడా తెలియలేదు గానీ, గుమ్మంలో మాత్రం రెండుసార్లు తగిలింది. కింద అమ్మ ఏదో రాస్తానంటోంది. ఏం రాస్తుందో చూడనివ్వట్లేదు.

ఉత్తర వైద్యుడు

(కింద అమ్మ చేతిరాత) అమ్మాయ్, వేళకి తిను. వీడు నీ ఫోటో పెద్దది చేయించి క్లినిక్ ముందు బోర్డు కట్టించాడు. "ఫిరంగి భుజాన్ని తిప్పిన చేతులు ఇవే" అని దాని మీద రాయించాడు. నువ్వు బాగానే పడ్డావు గానీ ముక్కు కొంచెం లావుగా వచ్చింది. నీకు చెప్పాడో లేదో అని రాస్తున్నాను.

జూలై 5

బోర్డు దించు.

నా భుజం సంగతి ఇక్కడ కోచ్‌కి తెలుసు, డాక్టరుకి తెలుసు, నిచ్చెనకి తెలుసు. ఇంకెవరికీ తెలియకూడదని నేను జాకెట్ తొడుక్కునేటప్పుడు కూడా తలుపు వేసుకుంటున్నాను. ట్రయల్స్‌కి వచ్చే ప్రతి పిల్లా నా ఏ చేయి ఎంత తిరుగుతుందా అని చూస్తుంది. నువ్వేమో దాన్ని వీధికెక్కించావు. నీకు కావాల్సింది నా భుజమా, నీ మంచాలు నిండడమా?

కొలత అడుగుతావుగా. బెత్తెడు. ఎడమతో సమానం. సంతోషమేనా.

ఇంకేం రాయను.

జూలై 9

అక్కా,

బోర్డు దించాను. కట్టినవాడు రానన్నాడు, నేనే ఎక్కి దించాను. దించుతుంటే చుట్టూ పదిమంది చేరారు. బోర్డు ఉన్నన్నాళ్ళు ఒక్కడూ చూడలేదు గానీ, దించుతుంటే మాత్రం అందరికీ ఎక్కడలేని ఆసక్తి వచ్చింది. "భుజం మళ్ళీ పట్టేసిందా?" అని ఒకాయన అడిగాడు.

తప్పు నాదే. కానీ నీ ప్రశ్న మాత్రం బాగా గుచ్చుకుంది. చిన్నప్పుడు నువ్వు గోడకేసి బంతి కొడుతుంటే ఏరి తెచ్చి ఇచ్చింది నేనే కదా. ఆ గోడ అవతల కుక్క ఉండేది, అది నన్నే కరిచింది, నిన్ను కాదు. నా మంచాలు నిండకపోతే పోనీ, నువ్వు ఆడితే చాలు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

కొలత చూసి ఎంత పొంగిపోయానో చెప్పను, చెప్తే మళ్ళీ బోర్డు అంటావు. సమానం అయిపోయిందంటే ఇక భయం లేదు. ఇన్నాళ్ళూ చేయి దాచుకుని ఆడి ఉంటావు. ఇప్పుడు దాచుకోకు. పూర్తి బలంతో కొట్టు. కోచ్ చూడాల్సింది అదే.

చీవాట్లు తిన్న తమ్ముడు

జూలై 14

తమ్ముడూ,

కొట్టమన్నావు, కొట్టాను.

నిన్న ప్రాక్టీసు మ్యాచ్‌లో మొదటి మూడు దెబ్బలు చూసి కోచ్ మేడం ఈల నోట్లోంచి తీసేసింది. నాలుగోది కొట్టాక భుజం వెనక కత్తి దిగినట్టయింది. నవ్వుతూ బయటికి వచ్చి, షూ లేసు ఊడిందని కూర్చున్నాను. లేసు ఎడమ చేత్తో కట్టుకున్నాను. రాత్రి టీ కప్పు ఎత్తలేక నిచ్చెన చేత పట్టించుకుని తాగాను. దానికి ఒట్టు పెట్టించాను, ఎవరికీ చెప్పొద్దని.

నాకేం అర్థం కావట్లేదురా. పొద్దున మళ్ళీ కొలిపించాను. బెత్తెడే. చేయి తిరుగుతోంది. సమానంగా తిరుగుతోంది. మరి నొప్పి ఎందుకు? నువ్వు చెప్పింది ఒక్కటీ వదలకుండా చేశాను. నా జన్మలో నీ మాట ఇంతగా వినలేదు.

బోర్డు గురించి అలా రాశాక నీకు ఈ సంగతి రాయడానికి మొహం చెల్లలేదు. రెండు కాగితాలు చింపాను. ఇంకెవరికి రాయను? జోకులేమీ తట్టట్లేదు. నాకు భయంగా ఉంది.

అక్క

జూలై 20

అక్కా,

బస్సులో మొదలుపెట్టి క్లినిక్‌లో ముగిస్తున్నాను. అక్షరాలు రోడ్డుని బట్టి వంకరపోతాయి, చూసీ చూడనట్టు పో.

నీ ఉత్తరం అందగానే నిన్న శిబిరానికి పరిగెత్తుకొచ్చాను. మీ సందర్శకుల గదిలో నిచ్చెన ముందు ఏవో వెకిలి జోకులు వేసి బయటపడ్డాను. అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

టేబుల్ టెన్నిస్ బల్ల మీద నిన్ను పడుకోబెట్టి, "ఇన్నాళ్ళూ ఎలా కొలిచావో అలాగే కొలువమ్మా" అన్నాను కదా. ఆ పిల్ల నీ మణికట్టు పట్టుకుని వంచింది. వంచుతుంటే నీ భుజం బల్ల మీంచి పైకి లేచింది. వీపు మీద పలకలా ఉండే రెక్క ఎముక ముందుకి వాలిపోయింది. మణికట్టు బెత్తెడు దూరానికి వచ్చేసింది. "చూశారా సార్, సమానం!" అంది మురిసిపోతూ. చేయి తిరగలేదు అక్కా. గిన్నె వంచితే నీళ్ళు అంచు దాకా వచ్చినట్టు, రెక్క ఎముక వాలి, చేయి తిరిగినట్టు కనిపించింది అంతే. నీ వ్యాయామంలోనూ అదే జరిగింది. సాగాల్సింది సాగలేదు, దాని చుట్టుపక్కలవన్నీ సాగాయి.

ముందు రెక్క ఎముక కదలకుండా పట్టి, అప్పుడు చేయి వంచాలి. ఇది మాకు మొదటి ఏడాదిలోనే చెప్తారు. నీకు రాసిన ఉత్తరంలో అమ్మ గురించి రాశాను, ఫ్యాను గురించి రాశాను, ఈ ముక్క రాయలేదు. దాచింది కాదు, తట్టలేదు. ఎవరి చేయి పట్టుకున్నా నా ఎడమ చేయి తనంతట తానే వెళ్ళి వాళ్ళ భుజాన్ని అదిమి పట్టుకుంటుంది. ఇన్నేళ్ళుగా అది ఆ పని చేస్తోందని నిన్న బల్ల పక్కన నిలబడ్డాకే నాకు తెలిసింది. ఉత్తరం రాసింది కుడి చేయి. దానికి తెలిసిందే అది రాసింది. పైగా సమానమైంది, బలంగా కొట్టు అని కూడా రాసింది. నిన్నటి నుంచి నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. అమ్మ కూడా సాయం చేసింది.

ఇక అసలు కొలత. నేను భుజం పట్టి వంచితే జానెడుకి కాస్త తక్కువలో ఆగింది. అంటే దాదాపు మొదటికే వచ్చాం. అయితే ఆ ఆగడంలో రెండు రకాలున్నాయి. మొదట తోలు పట్టి లాగుతున్నట్టు బిగువుగా ఆగుతుంది. కాసేపు ఓపిక పడితే అది వదులుతుంది. అది కండ, దాని కింది పొర. చేతులతో దారికి తేవచ్చు. అది దాటాక తలుపు గోడకి తగిలినట్టు టక్కున ఆగుతుంది. అది ఎముక.

పదేళ్ళ వయసు నుంచి గోడకేసి కొడుతూనే ఉన్నావు. ఎముక పెరిగే ఈడులో అలా కొడితే చేతి ఎముకే కాస్త మెలితిరిగి పెరుగుతుంది. అందుకే నీ కుడి చేయి ఎడమ కంటే వెనక్కి ఎక్కువ వంగుతుంది, లోపలికి తక్కువ వస్తుంది. అది జబ్బు కాదు. నువ్వు ఆడిన ఆటంతా అక్కడుంది. దాన్ని తిప్పడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. కుడి ఎప్పటికీ ఎడమతో సమానం కాదక్కా. మనం రానిదాని వెంట పడ్డాం.

నువ్వు ప్రాక్టీసుకి వెళ్ళాక నేను డాక్టరుగారి గది ముందు మూడుసార్లు అటూ ఇటూ తిరిగి లోపలికి వెళ్ళాను. లోపలికి ఎంత తిరుగుతోందన్నది ఒక్కటే కాదు, వెనక్కి వంగేది కూడా కలిపి చూడండి, రెండు చేతులకీ మొత్తం ఒకటే అయితే చాలు కదా అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "కలిపే చూస్తాను. కానీ ఆ బిగువు వదలాలి, నొప్పి పోవాలి. పది రోజులు స్మాష్ కొట్టకూడదు. కోచ్‌తో నేను మాట్లాడతాను" అన్నారు. నొప్పి సంగతి చెప్పేశాను. నువ్వు తిట్టుకో.

నిచ్చెనకి నేర్పింది మర్చిపోవద్దని చెప్పు. నువ్వు వెల్లకిలా. తన ఎడమ అరచేయి నీ భుజం ముందు వైపు, రెక్క ఎముక వాలకుండా అదిమి. కుడి చేత్తో మణికట్టు. బిగువు తగిలిన చోట ఆగాలి, తోయకూడదు. అక్కడ నువ్వు తన చేతిని మెల్లగా పైకి నెట్టు. కాసేపయ్యాక వదిలెయ్. అప్పుడు చేయి ఒక వేలెడు తనే దిగుతుంది. భుజం వెనక బొటనవేలితో ఒత్తిన చోట కూడా తనకి చూపించాను. ఆ పిల్ల చేతుల్లో మంచి నెమ్మది ఉంది. నా చేతుల కంటే.

తిట్లన్నీ నాకే,
తమ్ముడు

జూలై 29

ఒరేయ్,

తిడదామని కూర్చున్నాను. అమ్మ తిట్టేసిందని రాశావు కాబట్టి వదిలేస్తున్నాను. ఆవిడంత బాగా నేను తిట్టలేను.

డాక్టరు నిన్న చూశారు. ఆయన చేయి కూడా భుజం మీదికి దానంతట అదే వెళ్ళింది, గమనించాను. మొదటిరోజు కూడా వెళ్ళే ఉంటుంది, మేమెవరం చూడలేదు. లోపలికి ఎడమ కంటే తక్కువే. వెనక్కి ఎడమ కంటే ఎక్కువ. కలిపితే రెండూ దాదాపు ఒకటే. ఒత్తి చూశారు, వెనక నొప్పి లేదు. పేరు రాశారు. ఆ రాసేది పెన్సిల్‌తోనా పెన్నుతోనా అని కూడా తొంగి చూశాను. పెన్నే.

ఇదంతా నిచ్చెన పుణ్యం. పొద్దున్నే లేచి, నిద్రమొహంతోనే నా భుజం మీద చేయి వేసి కూర్చుంటుంది. మొదట్లో మణికట్టు మీద వాలిపోయిన పిల్ల, ఇప్పుడు ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తోంది. "అక్కా, ఇక్కడ ఆగింది, ఆగుదాం" అంటుంది. పది రోజులు నేను కొట్టలేకపోయినా సాయంత్రాలు దానికి బంతులు ఎత్తి పోశాను. చివరి అడుగు పట్టేసింది. నిన్న కొట్టిన దెబ్బకి అవతలివాళ్ళు చేతులు అడ్డం పెట్టడం మానేసి మొహాలు అడ్డం తిప్పుకున్నారు. నా పేరు దానికిచ్చి నేను ఇంకేదైనా పెట్టుకోవాలేమో.

ఎముక గురించి నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. ఇన్నేళ్ళూ నా కుడి చేయి పాడైపోయిందనుకుని సిగ్గుపడ్డాను. ఇక పడను.

ట్రయల్స్‌కి వారం. ఈ రోజే స్మాష్ మొదలుపెట్టాను. అమ్మకి ఫలితం వచ్చేదాకా ఏమీ చెప్పకు. నాకు ఆశ ఎక్కువైపోతోంది.

మళ్ళీ మందు కూరిన ఫిరంగి

ఆగస్టు 2

అక్కా,

చెప్పకు అన్నావు, అమ్మ నా మొహం చూసే కనిపెట్టేసింది. రహస్యాలు దాచే మొహం కాదు నాది, ఈ మొహం ఇచ్చింది ఆవిడే.

ఆ రోజు పొద్దున కొత్త ప్రయోగాలేమీ చేయొద్దు. నిచ్చెన చేత కాసేపు చేయించుకో, నాలుగు తేలిక దెబ్బలు కొట్టి వేడెక్కు. ఇంతకంటే ఎక్కువ రాయను. నేను ఎక్కువ రాసినప్పుడల్లా ఏం జరిగిందో చూశావుగా.

నువ్వు ఎంపికవుతావు. వైద్యుడిగా చెప్పట్లేదు, ఆయన మాటకి విలువ పోయింది. బంతులు ఏరి తెచ్చినవాడిగా చెప్తున్నాను.

తమ్ముడు

ఆగస్టు 7

తమ్ముడూ,

నా పేరు లేదు.

ముందు అది రాసేస్తే మిగిలింది రాయగలనని. భుజం నన్ను మోసం చేయలేదు. రెండు గంటలు కొట్టాను. అన్నీ పడ్డాయి. కోచ్ మేడం నన్ను పక్కకి పిలిచి, "నీ భుజం ఇంత బాగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు" అంది. తర్వాత, నెట్ మీద నీకు అందే ఎత్తు తగ్గింది, అవతలివాళ్ళు చేతులెత్తి కట్టే ఇప్పటి అడ్డుగోడల మీంచి ఆ ఎత్తులో కొట్టలేవు అంది. ఎగరాల్సినవి మోకాళ్ళు కదా. రెండు నెలలు నువ్వూ నేనూ డాక్టరూ భుజం పట్టుకుని వేలాడాం. మోకాళ్ళని ఒక్కరం కూడా ఎలా ఉన్నారని అడగలేదు. ముందు గుమ్మం దగ్గర ముగ్గురం కాపలా కాసి, దొడ్డి తలుపు బార్లా తీసి పెట్టాం.

నా స్థానంలో నిచ్చెనని తీసుకున్నారు.

చాలా సంతోషించానని రాస్తే బాగుంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ చివరి అడుగు నేను నేర్పింది. జాబితా చదువుతుంటే దాని పేరు విని నా చెవులు మూసుకుపోయాయి. గదికి వచ్చేసరికి అది మంచం చివర ముడుచుకుని కూర్చుని ఏడుస్తోంది. "నేను కొలవడం చేతకాక మీ టైమంతా పాడుచేశాను అక్కా" అంటుంది. "ఏడవాల్సింది నేనే, నువ్వు లే అక్కణ్ణించి" అని కసిరాను. లేవలేదు. పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం. అది నాకంటే గట్టిగా ఏడ్చింది, అందులో కూడా గెలిచింది. పోయేటప్పుడు దాని భుజం ఒకసారి చూశాను. వెనక బిగువు అప్పుడే మొదలైంది. ఏం చేయాలో చెప్పాను, చేయి ఎక్కడ పెట్టాలో కూడా చెప్పాను. దాని పక్కన ఎవరుంటే వాళ్ళకి అది నేర్పుకోవాలి.

అందరూ బస్సు దగ్గరికి వెళ్ళాక నేను సంచి మర్చిపోయానని అబద్ధం చెప్పి మళ్ళీ హాల్లోకి వెళ్ళాను. బంతుల బుట్ట అక్కడే ఉంది. ఒకటి పైకి విసిరి కొట్టాను. నీకు కూడా చెప్పలేదు గానీ, ఏడాదిన్నరగా నొప్పికి భయపడి కొట్టే ముందు పళ్ళు బిగబట్టడం అలవాటైంది. ఇప్పుడూ బిగబట్టాను. ఏమీ కాలేదు. ఇంకోటి కొట్టాను, పళ్ళు బిగబట్టకుండా. బుట్ట ఖాళీ అయ్యేదాకా కొట్టాను. తర్వాత హాలంతా తిరిగి అన్నీ ఏరుకుని బుట్టలో వేశాను. బస్సువాళ్ళు హారన్ కొడుతూనే ఉన్నారు.

శనివారం వస్తాను. ఓదార్చకు. అమ్మని కూడా ఓదార్చనివ్వకు. నాకు కావాల్సింది ఇది కాదు, అబద్ధమెందుకు. కానీ నొప్పి లేదురా. ఒక్క దెబ్బకి కూడా లేదు. ఇది నీకు తప్ప ఎవరికి చెప్పినా అర్థం కాదు.

అక్క